ఫిల్ జోన్స్‌ను చూసి నవ్వే ముందు: మాంచెస్టర్ యునైటెడ్ మాజీ డిఫెండర్ల లెక్క

నమస్కారం. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్బు మాంచెస్టర్ యునైటెడ్ అభిమానులు నలుగురు చేరి పాత ఆటగాళ్ల గురించి మాట్లాడుకుంటున్నప్పుడు ఒకసారి గమనించండి. కాంటొనా, రూనీ, రొనాల్డో పేర్లు వస్తే వాళ్లు కొట్టిన గోల్స్‌ను తలచుకుంటారు. అదే గోల్ పడకుండా అడ్డుకునే డిఫెండర్ల దగ్గరికి వచ్చేసరికి వాళ్లు చేసిన తప్పులను ఏకరువు పెడతారు. ఇక ఫిల్ జోన్స్ పేరు ఎత్తితే ముందు నవ్వు వస్తుంది, ఆ తర్వాతే మాట వస్తుంది. పన్నెండేళ్లు ఒక క్లబ్బుకు ఆడిన మనిషిని, ముఖం వంకర పోయిన నాలుగు ఫొటోలతో తేల్చేస్తున్నారు. ఇది అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను. ఎందుకు అన్యాయమో చెప్పాలంటే జోన్స్ ఒక్కడి గురించి మాట్లాడితే సరిపోదు. అసలు మాజీ డిఫెండర్లను మనం ఏ కొలతతో కొలుస్తున్నామో మాట్లాడుకోవాలి.

2015 మే నెలలో యునైటెడ్ సొంత మైదానం ఓల్డ్ ట్రాఫర్డ్‌లో ఆర్సెనల్‌తో జరిగిన మ్యాచ్ గుర్తుందా? బంతి కోసం వెళ్లిన జోన్స్ కింద పడ్డాడు. పక్కనే ఆర్సెనల్ స్ట్రైకర్ జిరూ ఉన్నాడు. లేచే సమయం లేదు, కాలు చాపితే అందదు. అందుకని నేల మీద పాకుతూ, గడ్డిని ఆనుకుని వెళ్తున్న బంతిని తలతో నెట్టాడు. జిరూ కాలు ఊపి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి. ఆ దృశ్యం ప్రపంచమంతా తిరిగింది, అందరూ నవ్వుకున్నారు. నాకు మాత్రం అందులో నవ్వడానికి ఏమీ కనిపించలేదు. బంతికీ తన గోల్‌కీపర్‌కూ మధ్య తన తల తప్ప మరేదీ మిగలనప్పుడు ఆ తలనే అడ్డుపెట్టాడు. డిఫెండర్ పని అదే కదా.

ఇప్పుడు కొలత సంగతికి వద్దాం. గోల్స్ కొట్టేవాడికి అంకెలు ఉంటాయి. డిఫెండర్ సరిగ్గా నిలబడితే ప్రత్యర్థి అసలు బంతిని అటు పంపడు. పంపని బంతిని ఎవరూ రికార్డు చేయరు. అందుకే నేను మరో ప్రశ్న వేసుకుంటాను. ఆ డిఫెండర్ జట్టులో లేనప్పుడు ఏం జరిగింది?

యాప్ స్టామ్‌తో మొదలుపెడదాం. 1998లో పీఎస్‌వీ క్లబ్బు నుంచి కోటి పౌండ్లకు పైగా ఇచ్చి తెచ్చుకున్న నెదర్లాండ్స్ సెంటర్ బ్యాక్, అంటే వెనక వరుస మధ్యలో ఆడే డిఫెండర్. ఓల్డ్ ట్రాఫర్డ్‌లో మూడు పూర్తి సీజన్లు ఆడాడు, మూడింటిలోనూ జట్టు ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ ఛాంపియన్ అయింది. మొదటి ఏడాదే లీగ్, ఇంగ్లండ్ నాకౌట్ టోర్నీ ఎఫ్‌ఏ కప్, యూరప్ క్లబ్బుల టోర్నీ ఛాంపియన్స్ లీగ్ మూడూ గెలిచారు. 2001 ఆగస్టులో అతడి ఆత్మకథ మీద దుమారం రేగింది. దానికితోడు గాయం తర్వాత అతడిలో మునుపటి వేగం తగ్గిందని మేనేజర్ ఫెర్గుసన్‌కు అనిపించింది. సీజన్ మొదలైన కొద్ది రోజులకే అతడిని ఇటలీ క్లబ్బు లాజియోకు అమ్మేశారు. అతడి స్థానంలో 35 ఏళ్ల లోరాన్ బ్లాంక్ వచ్చాడు. బ్లాంక్ ప్రపంచ కప్ గెలిచిన గొప్ప ఆటగాడే, కానీ ఇంగ్లండ్‌లో పరుగు తీయాల్సిన వయసు దాటిపోయింది. డిసెంబరు 8 నాటికే యునైటెడ్ లీగ్‌లో ఆరు మ్యాచ్‌లు ఓడింది. మూడేళ్లు వరుసగా గెలిచిన జట్టు ఆ సీజన్‌ను మూడో స్థానంతో ముగించింది. స్టామ్ ఏమయ్యాడు? 2005లో ఏసీ మిలాన్ తరఫున ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ ఆడాడు. అతడిని అమ్మడం పొరపాటని ఫెర్గుసన్ తర్వాత ఒప్పుకున్నాడు. మూడేళ్లే ఆడాడు కాబట్టి స్టామ్‌ను గొప్పవాళ్ల వరుసలో చేర్చలేమని అనేవాళ్లు ఉన్నారు. ఆ నాలుగో ఏడు ఏమైందో చూశాక కూడా ఆ మాట అనగలిగితే నాకు ఆశ్చర్యమే.

ఆ గుంత పూడ్చడానికే 2002లో లీడ్స్ నుంచి సుమారు మూడు కోట్ల పౌండ్లకు రియో ఫెర్డినాండ్‌ను తెచ్చారు. వచ్చిన ఏడాదే టైటిల్ తిరిగి వచ్చింది. 2003 సెప్టెంబరులో డోపింగ్ పరీక్షకు హాజరు కాలేదు, ఎనిమిది నెలల నిషేధం పడింది. 2004 జనవరి నుంచి అతడు లేడు. యునైటెడ్ మళ్లీ మూడో స్థానమే. ఆ తప్పు పూర్తిగా ఫెర్డినాండ్‌దే, అందులో నేను అతడిని వెనకేసుకు రాను. కానీ అతడి విలువ ఎంతో ఆ నిషేధమే చెప్పింది. 2014లో వెళ్లిపోయేనాటికి 455 మ్యాచ్‌లు, ఆరు లీగ్ టైటిళ్లు. ఫెర్డినాండ్ నేల మీద జారి బంతి లాక్కోవడం అరుదు. జారాల్సిన అవసరం రాకుండా ముందే వెళ్లి నిలబడేవాడు. యునైటెడ్‌లో ఆ విద్యలో అతడిని మించినవాడిని నేను చూడలేదు.

నెమాన్య విదిచ్ దీనికి పూర్తిగా భిన్నం. 2006 జనవరిలో స్పార్టక్ మాస్కో నుంచి 70 లక్షల పౌండ్లకు వచ్చాడు. అదే నెలలో మొనాకో నుంచి లెఫ్ట్ బ్యాక్, అంటే ఎడమ వైపు డిఫెండర్, పాట్రిస్ ఎవ్రా కూడా వచ్చాడు. ఎవ్రా మొదటి మ్యాచ్ మాంచెస్టర్ సిటీతో. 3-1తో ఓడారు, విరామంలోనే అతడిని బయటికి పిలిచేశారు. ఆ రోజు తీర్పు చెప్పమంటే ఎంతమంది అతడిని పనికిరానివాడని తేల్చేసేవారో! తర్వాత ఇద్దరూ ఐదేసి టైటిళ్లు గెలిచారు.

విదిచ్ గురించి మాట వస్తే లివర్‌పూల్ అభిమానులు ఇప్పటికీ ఒకే మ్యాచ్ తీస్తారు. 2009 మార్చి, ఓల్డ్ ట్రాఫర్డ్, 4-1. ఎత్తుగా వచ్చిన బంతి నేలకు తగిలి పైకి లేచింది. దాన్ని తలతో కొట్టకుండా విదిచ్ ఒక్క క్షణం ఆగాడు, ఆ సందులో టోరెస్ లాక్కుపోయి గోల్ కొట్టాడు. తర్వాత జెరార్డ్‌ను పడగొట్టినందుకు విదిచ్‌కు రెడ్ కార్డు కూడా వచ్చింది. అది ఘోరమైన రోజు, కాదనను. అయితే అదే సీజన్‌లో యునైటెడ్ వరుసగా 14 లీగ్ మ్యాచ్‌లలో ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. గోల్‌కీపర్ వాన్ డెర్ సార్ 1,311 నిమిషాల పాటు లీగ్‌లో వలలోంచి బంతి తీయలేదు. ఆ మ్యాచ్‌లలో కొన్నింటికి ఫెర్డినాండ్ గాయంతో దూరమయ్యాడు, అప్పుడు విదిచ్ పక్కన నిలబడింది కుర్రవాడు జానీ ఎవాన్స్. ఆ సీజన్ ప్రీమియర్ లీగ్ ఉత్తమ ఆటగాడి పురస్కారం విదిచ్‌కే దక్కింది. 2010-11లో మరోసారి అందుకున్నాడు. ఒక డిఫెండర్‌కు అది రెండుసార్లు దక్కడం ఎంత అరుదో ఆలోచించండి. తొంభై నిమిషాల కోసం 1,311 నిమిషాలను మరిచిపోయే పద్ధతి మీదే నా కోపమంతా.

నా కొలత అన్ని చోట్లా నెగ్గుతుందని చెప్పను. పాల్ మెక్‌గ్రాత్ ఉన్నాడు. ఐర్లాండ్ డిఫెండర్, 1985 ఎఫ్‌ఏ కప్ గెలిచిన జట్టులో ఉన్నాడు. మోకాళ్లు దెబ్బతిన్నాయి, మద్యం అలవాటు మీదకు ఎక్కింది. 1989లో ఫెర్గుసన్ అతడిని ఆస్టన్ విల్లాకు పంపేశాడు. 1993లో తోటి ఆటగాళ్లందరూ ఓటేసి ఎన్నుకునే ఉత్తమ ఆటగాడి పురస్కారం గెలిచాడు మెక్‌గ్రాత్. విల్లా ఆ ఏడాది రెండో స్థానంలో నిలిచింది. మరి మొదటి స్థానంలో ఎవరు? స్టీవ్ బ్రూస్, గ్యారీ పాలిస్టర్ కాపు కాసిన యునైటెడ్. అంటే మెక్‌గ్రాత్ లేకపోయినా క్లబ్బుకు నష్టం జరగలేదు. అంత మాత్రాన అతడు తక్కువవాడు కాడు. యునైటెడ్ వదులుకున్న డిఫెండర్లలో సహజ ప్రతిభకు నేను మొదట చెప్పే పేరు అతడిదే.

బ్రూస్ సంగతి వచ్చింది కాబట్టి కాసేపు ఆగుదాం. 1993 ఏప్రిల్ 10. షెఫీల్డ్ వెన్స్‌డే ఓల్డ్ ట్రాఫర్డ్‌లో ఒక గోల్ ఆధిక్యంలో ఉంది. యునైటెడ్ లీగ్ గెలిచి అప్పటికి 26 ఏళ్లు. ఎనభై ఆరో నిమిషంలో బ్రూస్ తలతో కొట్టిన గోల్ (హెడర్), స్కోరు సమం. మ్యాచ్ మధ్యలో రెఫరీ గాయపడి మారడంతో అదనపు సమయం చాలా సేపు సాగింది. ఆ సమయంలో మళ్లీ బ్రూస్ హెడరే, 2-1. ఫెర్గుసన్ చేతులు ఎత్తి గంతులు వేస్తుంటే, అతడి సహాయకుడు బ్రయన్ కిడ్ మైదానంలోకి పరుగెత్తి మోకాళ్ల మీద కూలబడ్డాడు. రెండు గోల్సూ కొట్టింది సెంటర్ బ్యాక్. ఇంతటి ఆటగాడికి ఇంగ్లండ్ సీనియర్ జట్టులో ఒక్క మ్యాచ్ కూడా ఇవ్వలేదు! ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

డెనిస్ ఇర్విన్ గురించి తక్కువ మాట్లాడతారు, నేను కూడా పెద్దగా చెప్పనక్కర్లేదు. 1990లో ఓల్డ్‌హామ్ నుంచి 6,25,000 పౌండ్లకు వచ్చాడు. కుడికాలి ఆటగాడు, అయినా పన్నెండేళ్లలో ఎక్కువ భాగం ఎడమ వైపే ఆడాడు. 529 మ్యాచ్‌లు, ఏడు లీగ్ టైటిళ్లు, ఫ్రీ కిక్కులు, పెనాల్టీలు. తన కాలపు అత్యుత్తమ జట్టులో కచ్చితంగా చోటు దక్కేది ఇర్విన్‌కేనని ఫెర్గుసనే అన్నాడు. నా జాబితాలోనూ మొదటి పేరు అదే.

ఇక వెస్ బ్రౌన్, జాన్ ఓషే. వీళ్లను అదనపు ఆటగాళ్ల కింద లెక్కగట్టి పక్కన పెట్టడం అభిమానులకు అలవాటైపోయింది. 2008లో మాస్కోలో జరిగిన ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ చూద్దాం. మన దగ్గర అర్ధరాత్రి దాటాక మొదలైంది. ఇరవై ఆరో నిమిషంలో రొనాల్డో గాలిలోకి లేచి కొట్టిన హెడర్ అందరికీ గుర్తుంది. ఆ బంతి అందించింది ఎవరు? రైట్ బ్యాక్ స్థానంలో ఆడుతున్న బ్రౌన్. క్లబ్బు అకాడమీలో పెరిగి, మోకాలి గాయాలు పదే పదే వెనక్కి లాగినా 362 మ్యాచ్‌లు ఆడిన మాంచెస్టర్ కుర్రవాడు. ఓషే 393 ఆడాడు. 2007 ఫిబ్రవరిలో టాటెన్‌హామ్ మీద వాన్ డెర్ సార్ గాయపడితే, ఆటగాళ్ల మార్పులన్నీ అయిపోవడంతో చేతికి తొడుగులు వేసుకుని ఓషే గోల్‌లో నిలబడ్డాడు. తన దేశపు సహచరుడు రాబీ కీన్ ఎదురుగా వస్తే ఆపాడు కూడా. దాదాపు నెల తర్వాత లివర్‌పూల్ మైదానంలో చివరి నిమిషాల్లో గోల్ కొట్టి 1-0తో గెలిపించాడు. ఆ సీజన్‌లో టైటిల్ యునైటెడ్‌దే. ఇలాంటి ఇద్దరు మనుషులు బెంచ్ మీద ఉండటం వల్లే ఎవరికి గాయమైనా ఆ జట్టు కుదుపుకు లోను కాలేదు. వాళ్లు ఇద్దరూ 2011లో ఒకేసారి సండర్‌లాండ్ వెళ్లారు. అదే వేసవిలో జోన్స్ వచ్చాడు.

అప్పటికి అతడికి 19 ఏళ్లు. బ్లాక్‌బర్న్ నుంచి ఒక కోటి 65 లక్షల పౌండ్లకు తెచ్చారు. క్లబ్బు చరిత్రలోనే అత్యుత్తమ ఆటగాడు కాగలడని ఫెర్గుసన్ ఒక సందర్భంలో అనేశాడు. ఆ మాటే తర్వాత అతడి మెడకు చుట్టుకుంది. 2013 ఫిబ్రవరిలో మాడ్రిడ్‌లో రియల్ మాడ్రిడ్ జట్టు మీద అతడిని మిడ్‌ఫీల్డ్‌లో ఆడించారు. ఆ రాత్రి 1-1 రావడంలో జోన్స్ పరుగులకు పెద్ద వాటా ఉంది. తిరుగు మ్యాచ్‌కు గాయంతో దూరం. అతడి కథంతా అంతే, నిలదొక్కుకున్న ప్రతిసారీ శరీరం మొరాయించింది. 2013 తర్వాత మేనేజర్లు ఒకరి వెంట ఒకరు మారారు. మోయెస్, వాన్ గాల్, మొరీన్యో, సోల్‌షేర్. ఒక్కొక్కరిది ఒక్కో పద్ధతి. ఫెర్డినాండ్, విదిచ్, ఎవ్రా ఒకే వేసవిలో వెళ్లిపోయాక, జోన్స్‌తో పాటు క్రిస్ స్మాలింగ్, ఎవాన్స్ ఆ బరువు మోయాల్సి వచ్చింది. వాళ్లకు నేర్పడానికి పక్కన ఒక పెద్దదిక్కు లేదు. అయినా 2015-16లో లీగ్‌లో అతి తక్కువ గోల్స్ ఇచ్చిన జట్లు రెండే, టాటెన్‌హామ్‌తో పాటు యునైటెడ్, 35 చొప్పున. బంతిని నేర్పుగా ఆడలేడని స్మాలింగ్‌ను ఇటలీ క్లబ్బు రోమాకు సాగనంపారు. అక్కడ 2022లో యూరప్ టోర్నీ కాన్ఫరెన్స్ లీగ్ ఫైనల్‌లో అతడే మ్యాచ్‌కు ఉత్తమ ఆటగాడు. ఎవాన్స్‌ను 2015లో అమ్మేసిన క్లబ్బే, అతడికి 35 ఏళ్లు వచ్చాక మళ్లీ పిలిచింది. 2024లో ఎఫ్‌ఏ కప్ గెలిచిన జట్టులో అతడున్నాడు.

జోన్స్ 2020 జనవరిలో ఒక కప్ మ్యాచ్‌లో గోల్ కొట్టాడు. ఆ తర్వాత దాదాపు రెండేళ్లు మొదటి జట్టులో కనిపించలేదు. ఊరికే జీతం తీసుకుంటున్నాడని, కుర్రవాళ్ల చోటు ఆక్రమించాడని దుమ్మెత్తిపోశారు. సాక్షాత్తూ ఫెర్డినాండే ఆ మాట అన్నాడు, తర్వాత క్షమాపణ చెప్పాడు. ఆ కాలంలో మానసికంగా ఎంత కుంగిపోయాడో జోన్స్ స్వయంగా బయటపెట్టాడు. 2022 జనవరిలో వుల్వ్స్ మీద తిరిగి ఆడాడు. జట్టు 1-0తో ఓడింది, కానీ వెనక వరుసలో ఆ రోజు నిలకడగా కనిపించింది జోన్సే. స్టేడియంలో ఉన్నవాళ్లు అతడు బంతి తాకిన ప్రతిసారీ చప్పట్లు కొట్టారు. ఫొటోలు చూసి నవ్వినవాళ్లకూ వాళ్లకూ ఉన్న తేడా నాకు అక్కడ కనిపించింది. 229 మ్యాచ్‌లు, ఒక లీగ్ టైటిల్, ఇంగ్లండ్ తరఫున 27 మ్యాచ్‌లు. 2023లో క్లబ్బును వీడాడు, ఏడాదికి ఆటకే వీడ్కోలు చెప్పాడు. అప్పటికి వయసు 32.

నా జట్టులో వెనక నలుగురు వీళ్లు: ఎడమ వైపు ఇర్విన్, కుడి వైపు గ్యారీ నెవిల్, మధ్యలో ఫెర్డినాండ్, స్టామ్. అవును, విదిచ్‌ను బెంచ్ మీద కూర్చోబెట్టాను, ఎంతో ఇబ్బందిపడుతూనే. జోన్స్‌కు అక్కడ చోటు లేదు. కానీ గాయాలు లేని జోన్స్ ఐదేళ్లు దొరికి ఉంటే స్మాలింగ్ కన్నా, ఎవాన్స్ కన్నా ముందు వరుసలో ఉండేవాడని నా అభిప్రాయం. మీరు ఒప్పుకోకపోతే కారణంతో సహా రాయండి. స్టామ్ పక్కన ఫెర్డినాండా, విదిచా, అది కూడా చెప్పండి.