మంచు కొలతలకు విమానం సాక్ష్యం

శ్రోతలకు నమస్కారం.

ఆర్కిటిక్ సముద్రంలో మంచు ఎంత మందాన ఉందో ఉపగ్రహం కొలిచిందని వార్తల్లో వింటుంటాం. నిజానికి అది మందాన్ని కొలవదు. కిందికి పంపిన తరంగం తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని కొలుస్తుంది, అంతే. దాన్నిబట్టి మంచు నీటికి ఎంత ఎత్తున తేలుతోందో లెక్కగడతారు. తేలే గడ్డలో పైకి కనిపించేది దాదాపు పదో వంతే. కాబట్టి పైన పది సెంటీమీటర్లు పొరపడితే, మందంలో మీటరు దాకా తేడా వచ్చేస్తుంది!

దానికి తోడు ఆ గడ్డ మీద కురిసి పేరుకున్న మంచు ఒకటి. మన భాషలో రెండూ మంచే, ఉపగ్రహానికి మాత్రం కావు. 2010లో ఎగిరిన యూరప్ ఉపగ్రహం క్రయోశాట్-2 రాడార్ తరంగం పై మంచులోంచి దూరి గడ్డను తాకుతుందని లెక్క. ఆ మంచు తడిసినా, అందులో ఉప్పు చేరినా తరంగం అంత లోతుకు దిగదు. 2018లో వెళ్లిన నాసా ఐస్‌శాట్-2 లేజర్ అయితే పైపొర దగ్గరే వెనుదిరుగుతుంది.

ఈ చిక్కు విప్పడానికే విమానం. 2009 నుంచి 2019 దాకా నాసా ‘ఆపరేషన్ ఐస్‌బ్రిడ్జ్’ పేరుతో ధ్రువాల మీద విమానాలు నడిపింది. సుమారు 500 మీటర్ల ఎత్తున ఎగురుతూ లేజర్‌తో పైపొర ఎత్తునూ, ప్రత్యేక రాడార్‌తో కురిసిన మంచు లోతునూ కొలిచేవారు. ఉపగ్రహం వెళ్లే దారి కిందే వెళ్లి రెండు లెక్కలూ పోల్చేవారు.

వినడానికి తేలికే. కానీ ఉపగ్రహం వంద కిలోమీటర్లు దాటడానికి 15 సెకన్లు చాలు, విమానానికి పావుగంట కావాలి. ఈలోపు గాలికీ ప్రవాహానికీ సముద్రపు మంచు జరిగిపోతుంది! అందుకే ఉపగ్రహం వచ్చే వేళ చూసుకుని బయల్దేరాలి. నేల మీది మంచుకు ఇంత టెన్షన్ ఉండదు.

మరి విమానం చెప్పిందే వేదవాక్కా? కాదు. దాని లేజర్‌కూ పరీక్ష ఉంది. విమానాశ్రయంలో విమానాలు నిలిపే కాంక్రీటు నేల ఎత్తుపల్లాలను ముందే జీపీఎస్‌తో కొలిచి పెట్టుకుంటారు. తర్వాత విమానం దాని మీదుగా ఎగురుతూ లేజర్ వేస్తుంది. కాంక్రీటు కరగదు, జరగదు. అక్కడ లెక్క కలవకపోతే తప్పు లేజర్‌దే.