ఐమూలగా ఒక పుల్ల: పీజీలో ఇంజనీరింగా, ఆర్కిటెక్చరా?

నమస్కారం అండీ. ముందు నా చేతిలోకి చూడండి. నాలుగు బాల్సా పుల్లలు. ఆర్కిటెక్చర్ పిల్లలు మోడల్స్ చేస్తారే, ఆ పుల్లలే. నాలుగు మూలలా గుండుసూదులు గుచ్చి చతురస్రం చేశాను. ఇప్పుడు పై మూల మీద వేలు పెట్టి పక్కకి నెడుతున్నా. చూశారా, ఒరిగిపోయింది. పుల్ల విరగలేదు, సూది ఊడలేదు, అయినా చతురస్రం కాస్తా పడుకుంది. మళ్లీ నిలబెట్టి, ఇంకో పుల్ల తీసుకుని ఐమూలగా, ఈ కింది మూల నుంచి ఆ పై మూలకి గుచ్చుతున్నా. ఇప్పుడు నెడతాను. గోరు తెల్లబడేంత గట్టిగా నెడుతున్నా. కదలట్లేదు.

ఈ ఐదో పుల్లని అక్కడే ఉంచండి. దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

పోయిన వారం ఒక తమ్ముడు రాశాడు. "అన్నా, సివిల్ పూర్తయింది. స్ట్రక్చరల్‌లో (కట్టడం నిలబడే లెక్కల ఇంజనీరింగ్) మాస్టర్స్ చేయాలా, ఎం.ఆర్క్ (ఆర్కిటెక్చర్‌లో మాస్టర్స్) చేయాలా తేలట్లేదు. రెండూ ఉన్న యూనివర్సిటీల ర్యాంకులన్నీ ఒక షీట్‌లో వేసుకున్నాను. ఏది పై నుంచి తీసుకోమంటావు?" అని. తమ్ముడూ, ఆ షీట్ కాసేపు మూసెయ్. రెండేళ్లు నువ్వు ఏ ప్రశ్నతో కాపురం చేస్తావు, ఆ రెండేళ్లూ నీ పక్క బల్ల మీద ఎవరు కూర్చుంటారు అన్నవి ముందు చూడాలి. ఎందుకంటున్నానో ఒక కథ చెప్తే తెలుస్తుంది. ఇది జరిగిన కథే.

షికాగోలో మైరన్ గోల్డ్‌స్మిత్ అని ఒకాయన. 1918లో పుట్టాడు. ఆర్కిటెక్చర్ చదివాడు, పేరున్న ఆర్కిటెక్ట్ మీస్ వాన్ డెర్ రో ఆఫీసులో పనిచేశాడు, స్ట్రక్చర్ లెక్కలు కూడా చేతనైన మనిషి. ఇల్లినాయ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో 1953లో మాస్టర్స్ థీసిస్ ఇచ్చాడు. అందులో ఆయన అడిగిన ప్రశ్న చాలా చిన్నది. కట్టడం ఎత్తు పెరిగితే దాని రూపం కూడా మారాలి కదా, మరి పది అంతస్తులకి వేసిన కాలమ్-బీమ్ (నిలువు స్తంభాలు, అడ్డ దూలాలు) చట్రాన్నే ఎనభై అంతస్తులకీ ఎందుకు సాగదీస్తున్నాం?

ఇది కొత్తగా పుట్టిన అనుమానం కాదు. గెలీలియో 1638లోనే ఎముకల బొమ్మ వేసి చూపించాడు. జంతువు కొలతలన్నీ రెండింతలైతే ఎముక అడ్డుకోత వైశాల్యం 4 రెట్లవుతుంది, బరువేమో 8 రెట్లవుతుంది. అదే ఆకారాన్ని పెద్దది చేస్తూ పోతే ఎక్కడో ఒకచోట తన బరువుకి తానే కూలుతుంది. ఎలుక కాలిని పెద్దది చేస్తే ఏనుగు కాలు అవదు, దాని తీరే వేరు. కట్టడాలకి ఇంకో బాధ కూడా ఉంది, గాలి. ఎత్తు పెరిగేకొద్దీ పై నుంచి దిగే బరువు కన్నా పక్క నుంచి తోసే గాలి పెద్ద సమస్య అవుతుంది. ఇందాక నా వేలు చేసింది అదే.

ఆ ఐదో పుల్లని గోల్డ్‌స్మిత్ తన గీతల్లో కట్టడం లోపల దాచలేదు. వెలుపలికి తెచ్చి, అంతస్తులకి అంతస్తులు దాటుతూ ముఖభాగం మీద పెట్టాడు. అప్పటికి అది కాగితమే. ఎవరూ కట్టలేదు.

ఇప్పుడు రెండో మనిషి. 1929లో ఢాకాలో పుట్టిన ఫజ్లుర్ ఖాన్. 1952లో స్కాలర్‌షిప్ మీద ఇల్లినాయ్ యూనివర్సిటీ అర్బానా-షాంపేన్ క్యాంపస్‌కి వచ్చాడు. మూడేళ్లలో రెండు మాస్టర్స్, ఒక పీహెచ్‌డీ. ఒక మాస్టర్స్ స్ట్రక్చరల్ ఇంజనీరింగ్‌లో, ఇంకోటి మెకానిక్స్‌లో. పూర్తిగా ఇంజనీరు. తర్వాత షికాగోలో ఎస్‌ఓఎం అనే పెద్ద డిజైన్ సంస్థలో చేరాడు. గోల్డ్‌స్మిత్‌దీ అదే సంస్థ. ఆఫీసు పని చేసుకుంటూనే ఇద్దరూ గోల్డ్‌స్మిత్ థీసిస్ ఇచ్చిన ఆ ఇన్‌స్టిట్యూట్‌లోనే ఆర్కిటెక్చర్ పీజీ విద్యార్థులకి గైడ్లుగా కూర్చున్నారు. ఆర్కిటెక్చర్ పిల్లల థీసిస్‌కి ఒక ఇంజనీరు గైడ్! నాకు ఈ కథ మొత్తంలో బాగా నచ్చేది ఇదే.

ఆ బల్ల దగ్గరే మికియో ససాకి అనే విద్యార్థి 1964లో ఎత్తైన ఆఫీసు భవనం మీద థీసిస్ చేశాడు. వెలుపల ఐమూల బ్రేసింగ్, అంటే మన ఐదో పుల్లలాంటి ఆసరా. గోల్డ్‌స్మిత్ ప్రశ్నకి తర్వాతి అడుగు. ఆ వెంటనే ఎస్‌ఓఎంకి జాన్ హాన్‌కాక్ సెంటర్ పని వచ్చింది. ఆర్కిటెక్ట్ బ్రూస్ గ్రాహం, ఇంజనీరు ఖాన్. 100 అంతస్తులు, 344 మీటర్లు. నాలుగు ముఖాల మీదా పెద్ద పెద్ద ఎక్స్ ఆకారాలు, ఒక్కో ఎక్స్ దాదాపు 18 అంతస్తుల ఎత్తు. 1960ల చివరికి కట్టేశారు. ఇప్పుడు దాని పేరు 875 నార్త్ మిషిగన్ అవెన్యూ అని మార్చారు కానీ, జనం నోట్లో ఇంకా హాన్‌కాకే.

ఒక్క లెక్క చెప్తాను, చాలు. 1931 నాటి ఎంపైర్ స్టేట్ భవనానికి చదరపు మీటరుకి సుమారు 206 కిలోల ఉక్కు పట్టింది. హాన్‌కాక్‌కి సుమారు 145 కిలోలు. దాదాపు అంతే అంతస్తులకి 30 శాతం దాకా ఉక్కు మిగిలింది. ఎందుకంటే ఆ ఎక్స్‌లు గాలిని ఆపడమే కాదు, పై బరువులో కూడా వాటా మోస్తూ, దాన్ని చుట్టూ ఉన్న కాలమ్‌లకి పంచుతాయి. భవనం మొత్తం ఒక గొట్టంలా నిలబడుతుంది.

1953లో ఒక విద్యార్థి ప్రశ్న, 1964లో ఇంకో విద్యార్థి జవాబు, మరో ఐదారేళ్లకి నేల మీద 100 అంతస్తులు. మాస్టర్స్ థీసిస్ అంటే డిగ్రీ కోసం బైండింగ్ చేయించి లైబ్రరీలో పడేసే పుస్తకం అని ఎవరైనా అంటే నాకు కోపం వచ్చేది అందుకే.

సరే, మన తమ్ముడి దగ్గరికి వద్దాం. ఈ రెండు చదువుల తీరులో అసలు తేడా ఎక్కడుందంటే, ఇంజనీరింగ్ పీజీలో మనకి సమస్య ఇస్తారు. లోడ్ (మోయాల్సిన బరువు) ఇంత, స్పాన్ (ఆధారానికీ ఆధారానికీ మధ్య దూరం) ఇంత, మెటీరియల్ ఇది, తేల్చు. ఆర్కిటెక్చర్ స్టూడియోలో, అంటే డిజైన్ చేస్తూ నేర్చుకునే క్లాసులో, స్థలం ఇస్తారు, సమస్యని నువ్వే వెతుక్కోవాలి. ఇంజనీరింగ్ నుంచి వెళ్లినవాళ్లకి మొదటి రెండు నెలలు ఊపిరాడదు. "సరైన జవాబేది సార్?" అని అడుగుతూనే ఉంటారు, చెప్పేవాడు ఉండడు.

నేను స్ట్రక్చరల్ చదివాను. రెండో సెమిస్టర్‌లో ఆర్కిటెక్చర్ వాళ్లతో కలిపి ఒక స్టూడియో పెట్టారు. నాకు జోడీగా వచ్చినావిడ లైబ్రరీ డిజైన్ చేస్తోంది. రీడింగ్ హాల్ వెడల్పు 16 మీటర్లు. నేను మధ్యలో కాలమ్‌ల వరుస పెట్టి, 8 మీటర్ల చొప్పున రెండు స్పాన్లు చేసి, 60 సెంటీమీటర్ల లోతు బీమ్ వేసి, లెక్క నీట్‌గా ముగించి ఇచ్చాను. ఆవిడ నా లెక్క చూడలేదు. మోడల్‌ని బల్ల అంచుకి లాగి, గడ్డం బల్లకి ఆనేలా వంగి లోపలికి చూసింది. నన్నూ అలాగే వంగమంది. "ఇక్కడ కూర్చుని చదివే మనిషివి నువ్వు. తలెత్తితే ఏం కనిపిస్తోంది?" అంది. కాలమ్ కనిపించింది. కిటికీకి సరిగ్గా అడ్డంగా.

నాలుగేళ్ల బీటెక్‌లో ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. నేనూ అడుక్కోలేదు.

కాలమ్ తీసేద్దామన్నాను. తీసేస్తే స్పాన్ రెండింతలు. బెండింగ్ మూమెంట్, అంటే బీమ్‌ని వంచే ప్రభావం, 4 రెట్లు అవుతుంది. డిఫ్లెక్షన్, అంటే కుంగుబాటు, 16 రెట్లు. అంత కుంగుబాటుని మళ్లీ మునుపటంతకే తేవాలంటే బీమ్ లోతు సుమారు రెండున్నర రెట్లు కావాలి, బీమ్ సొంత బరువు పక్కన పెట్టినా సరే. 60 సెంటీమీటర్లది ఒకటిన్నర మీటరైంది. హాలు నెత్తిన గుదిబండల్లాంటి బీమ్‌లు. ఇక ఆవిడ ఒప్పుకోదు అనుకున్నాను. రెండు రోజులు ఆ మోడల్ ముందు కూర్చుని, బీమ్‌కీ బీమ్‌కీ మధ్య పైకప్పు కోసేసి గాజు పెట్టింది. బీమ్ లోతుగా ఉంది కాబట్టి ఎండ నేరుగా పుస్తకం మీద పడదు. బీమ్ పక్కలకి తగిలి, మెత్తబడి కిందికి దిగుతుంది. నాకు బరువుగా కనిపించిన లోతుని ఆవిడ వెలుతురు పట్టే పాత్ర చేసింది. లెక్క నాదే, బీమ్ నాదే, కానీ ఆ ఆలోచన నాకు వందేళ్లకైనా వచ్చేది కాదు.

జ్యూరీ రోజున, అంటే డిజైన్లని అందరి ముందూ పరీక్షించే రోజున, బయటి నుంచి వచ్చిన ఒక ఎగ్జామినర్ మమ్మల్ని గంటసేపు ఉతికి ఆరేశారు. మెట్లు తప్పు, ప్రవేశం తప్పు, సెక్షన్ (భవనాన్ని నిలువుగా కోసి చూపే గీత) అసంపూర్ణం. నిజంగానే తప్పులు. జ్యూరీ అంటే భయపడేవాళ్లకి ఒక మాట. నీ గీతని తిడుతున్నారు, నిన్ను కాదు. ఆ తేడా లోపలికి దిగడానికి నాకు ఒక సెమిస్టర్ పట్టింది. అందుకే యూనివర్సిటీ వెతికేటప్పుడు నేను మొదట చూడమనేది, ఇంజనీరింగ్ వాళ్లూ ఆర్కిటెక్చర్ వాళ్లూ కలిసి కూర్చునే స్టూడియో ఒక్కటైనా ఉందా అని. రెండు శాఖలూ ఒకే క్యాంపస్‌లో ఉండి పదేళ్లుగా మొహమొహాలు చూసుకోని చోట్లు ఉంటాయి. సిలబస్ తెరిచి, కలిపి చెప్పే కోర్సు ఉందో లేదో చూడండి. ఐదు నిమిషాల పని.

ఇక డిగ్రీ పేర్లు. ఇక్కడ చాలామంది దెబ్బతింటున్నారు, జాగ్రత్తగా వినండి. ఎం.ఆర్క్ అని రాసి ఉన్నవన్నీ ఒకటి కావు. అమెరికాలో ఆర్కిటెక్ట్ లైసెన్స్ దారికి ఎన్‌ఏఏబీ (ఆర్కిటెక్చర్ డిగ్రీలకి గుర్తింపు ఇచ్చే అక్కడి బోర్డు) గుర్తింపు ఉన్న ప్రొఫెషనల్ డిగ్రీ ప్రధాన మార్గం. ఆర్కిటెక్చర్ కాకుండా వేరే బీటెక్ చేసినవాళ్లు చేరగలిగే ఎం.ఆర్క్ సాధారణంగా మూడేళ్లు, మూడున్నరేళ్లు ఉంటుంది. అప్పటికే ప్రొఫెషనల్ బి.ఆర్క్ (ఆర్కిటెక్చర్ బ్యాచిలర్స్) ఉన్నవాళ్ల కోసం పోస్ట్ ప్రొఫెషనల్ ఎం.ఆర్క్ వేరే ఉంటుంది, దానికి ఆ గుర్తింపు ఉండదు. ఎంఎస్ ఇన్ ఆర్కిటెక్చర్ అన్నది పరిశోధన వైపుది, అదీ లైసెన్స్ డిగ్రీ కాదు. బ్రిటన్‌లో ఎం.ఆర్క్ అంటే సాధారణంగా పార్ట్ 1 (ఆర్కిటెక్ట్ అయ్యే దారిలో మొదటి మెట్టు, ఆర్కిటెక్చర్ డిగ్రీ) ముగించినవాళ్లు చేసే రెండేళ్ల పార్ట్ 2. సివిల్ డిగ్రీ పట్టుకుని నేరుగా దాంట్లో కూర్చోవడం సాధారణంగా కుదరదు. ఇంజనీరింగ్‌లో ఈ తిప్పలు తక్కువ. అమెరికాలో ఇంజనీరు లైసెన్స్‌కి పునాది ప్రధానంగా బ్యాచిలర్స్ డిగ్రీయే, మాస్టర్స్ దాని మీద లోతు. పేరు చూసి ఫీజు కట్టకండి. ఆ ప్రోగ్రామ్ ఎవరి కోసం పెట్టారు, ఏ గుర్తింపు ఉంది, ఎన్ని సెమిస్టర్లు అన్నది వాళ్ల పేజీలో ఉంటుంది, లేకపోతే మెయిల్ రాసి అడగండి.

థీసిస్ తీసుకోవాలా, ఉట్టి కోర్స్‌వర్క్ చాలా? నేను థీసిస్ పక్షం, దాచను. కానీ ఉద్యోగంలోంచి వచ్చి, ఫలానా సాఫ్ట్‌వేర్, ఫలానా భూకంప డిజైన్ నేర్చుకుని తిరిగి వెళ్దామనుకునేవాళ్లకి కోర్స్‌వర్క్ చాలు, మొహమాటం లేకుండా అదే తీసుకోండి. పీహెచ్‌డీ ఆలోచన ఏ మూలనున్నా థీసిస్ వదలకండి.

పోర్ట్‌ఫోలియో గురించి ఒక్కటే. సివిల్ వాళ్లం కదా, మా దగ్గర డ్రాయింగులేం ఉంటాయి అని కంప్యూటర్ రెండర్లు అరువు తెచ్చుకుంటారు. వద్దు. చేత్తో గీసిన స్కెచ్‌లు, చేసిన ఒక కుర్చీ, ఫొటోలు, విఫలమైన మోడల్ కూడా పెట్టండి. విఫలమైనదాని పక్కన రెండోసారి ఏం మార్చారో చూపించండి. చూసేవాళ్లు వెతికేది మీరు ఎలా ఆలోచిస్తారన్నదే.

తమ్ముడూ, నువ్వు రాసిన దాంట్లో నీ ఫైనలియర్ ప్రాజెక్టు వెదురు జాయింట్ల మీద అన్నావు. రెండు పేరాలు దాని గురించే రాశావు, ర్యాంకుల గురించి రాసింది రెండు లైన్లు. ఆ జాయింట్ ఎక్కడ చీలింది, ఎందుకు చీలిందన్నదే నిన్ను పట్టుకుని ఉంటే స్ట్రక్చరల్ వైపు వెళ్లు, ఆర్కిటెక్చర్ స్టూడియో ఒకటి తీసుకోనిచ్చే చోటికి. ఆ వెదురు కింద ఎవరు కూర్చుంటారు అన్నది నిద్ర పట్టనివ్వకపోతే మూడేళ్ల ఎం.ఆర్క్‌కి సిద్ధపడు.

ఏ వైపు వెళ్లినా, డబ్బు కట్టేముందు ఆ గైడ్ దగ్గర పోయినేడు థీసిస్ ముగించిన ఇద్దరిని వెతికి పట్టుకో. గైడ్ మంచివారేనా అని అడగకు, అందరూ మంచివారనే అంటారు. "మీరు డ్రాఫ్ట్ ఇస్తే ఎన్ని రోజులకి తిరిగొచ్చేది? దాని మీద చేత్తో రాసిన మాటలు ఎన్ని ఉండేవి?" అని అడుగు. వాళ్లేం చెప్పారో నాకు రాయి.