కాల్పుకూ కాల్పుకూ మధ్య

అందరికీ నమస్కారం.

రేపు మీలో చాలామంది మొదటిసారిగా ప్రాక్టికల్ పిస్టల్ పోటీలో, అంటే చోట్లు మారుతూ టార్గెట్లను కాల్చే పోటీలో, దిగుతున్నారు. ఎంత వేగంగా కాల్చాలి అని పొద్దున్నుంచి ముగ్గురు నలుగురు అడిగారు. అడగవలసిన ప్రశ్నే, కాదనను. అయితే ఆ వేగం ఎక్కడుందో ముందు చూద్దాం. 24 తూటాలు కాల్చవలసిన స్టేజి, అంటే పోటీలో ఒక అంకం, ఊహించుకోండి. ఒక షూటరు దాన్ని 20 సెకన్లలో ముగించాడు. ఆ 20 సెకన్లూ అతను కాలుస్తూనే లేడు. ఒక చోటి నుంచి మరో చోటికి పరిగెత్తాడు, తూటాలు ఉండే మ్యాగజైను మార్చాడు, గోడ పక్కకు ఒంగాడు, తలుపు తోశాడు. గెలుపు ఓటములు ఎక్కువగా తేలేది అక్కడే. కాల్పులను దగ్గరుండి పర్యవేక్షించే రేంజి ఆఫీసరుగా ఇన్నేళ్లలో నా గుండె ఝల్లుమన్న సందర్భాలు కూడా దాదాపు అన్నీ అక్కడివే. గురి చూసి కాలుస్తున్న మనిషిని చూసి నేను భయపడింది చాలా తక్కువ. కాల్పుకూ కాల్పుకూ మధ్య చేతిలో తుపాకి ఉన్న సంగతి మరిచిన మనిషే నన్ను భయపెట్టాడు. అందుకే ఇవాళ ఎక్కువగా ఆ మధ్య సమయం గురించే మాట్లాడతాను.

ఈ క్రీడ పుట్టుక రెండు మాటల్లో చెబుతాను. తొలి ప్రపంచ పోటీ 1975లో స్విట్జర్లాండ్‌లోని జ్యూరిచ్‌లో జరిగింది. మరుసటి ఏడాది మే నెలలో అమెరికాలోని మిస్సోరి రాష్ట్రం, కొలంబియా పట్టణంలో అంతర్జాతీయ సమాఖ్య ఏర్పడింది. దాన్నే ఐపీఎస్‌సీ (ఇంటర్నేషనల్ ప్రాక్టికల్ షూటింగ్ కాన్ఫెడరేషన్) అంటున్నాం. జెఫ్ కూపర్ దానికి మొదటి అధ్యక్షుడు. సమాఖ్య నినాదం మూడు లాటిన్ మాటలు: డిలిజెన్షియా, విస్, సెలెరిటాస్. అంటే గురి, శక్తి, వేగం. ఈ మూడింటినీ ఒకే తక్కెడలో తూచడమే ఈ పోటీలోని అందం.

తూచే పద్ధతి తెలిస్తే కంగారు సగం తగ్గుతుంది. కాగితం టార్గెట్‌లో ఎ, సి, డి అని మూడు భాగాలు ఉంటాయి. ఎ భాగంలో తగిలితే ఎవరికైనా 5 పాయింట్లు. బలమైన తూటా వాడేవారికి, అంటే మేజర్ వారికి, సి భాగానికి 4, డి భాగానికి 2 వస్తాయి. అంతకన్నా తక్కువ శక్తి తూటా వాడే మైనర్ వారికి అవే 3, 1 అవుతాయి. వచ్చిన పాయింట్లను పట్టిన సెకన్లతో భాగిస్తే హిట్ ఫ్యాక్టర్ వస్తుంది. ఆరు టార్గెట్లు, 12 తూటాలు అనుకుందాం. మైనర్ షూటరు ఒకరు అన్నీ ఎ భాగంలోనే కొట్టి ఏడున్నర సెకన్లు తీసుకున్నారు. 60ని 7.5తో భాగిస్తే 8. ఇంకొకరు ఎనిమిది ఎ, నాలుగు సి కొట్టి 6 సెకన్లలో ముగించారు. 52ని 6తో భాగిస్తే 8.67, అంటే ఈయనే ముందున్నారు. మూడో ఆయనకు కూడా 6 సెకన్లే పట్టింది. పదకొండు ఎ భాగంలో తగిలాయి గానీ ఒకటి గురి తప్పింది. తప్పిన దానికి 10 పాయింట్లు కోత. 55లో 10 పోతే 45, హిట్ ఫ్యాక్టర్ 7.5. ఒక్క గురి తప్పడంతో నిదానంగా కాల్చిన మొదటాయన కన్నా వెనకబడ్డారు. కొట్టకూడని టార్గెట్‌కు తగిలినా ఇదే కోత. వేగం కావాలి, కానీ కంటికి కనిపించినంత మేరకే వేగం పనికొస్తుంది.

ఇక అసలు విషయానికి వస్తాను. పాయింట్ల తప్పులకు కోత ఉంటుంది, భద్రత తప్పులకు అనర్హతే ఉంటుంది. అదీ ఆ ఒక్క స్టేజికి పరిమితం కాదు, మొత్తం పోటీ అక్కడితో ముగుస్తుంది. మొదటి స్టేజిలోనే జరిగినా అంతే, చివరి స్టేజిలో చివరి తూటాకు జరిగినా అంతే.

మొదటిది వేలు. గురి చూస్తున్నప్పుడు, కాలుస్తున్నప్పుడు తప్ప చూపుడు వేలు ట్రిగ్గర్ చుట్టూ ఉండే గార్డు బయట ఉండాలి, అది పక్కవారికి స్పష్టంగా కనిపించాలి. కదిలేటప్పుడు, తూటాలు నింపేటప్పుడు, మ్యాగజైను మార్చేటప్పుడు, ఇరుక్కున్న తూటాను తీసేటప్పుడు, ఖాళీ చేసేటప్పుడు కూడా ఇదే నియమం. వేలిని ట్రిగ్గర్ పక్కనే గాలిలో ఆపితే చాలదు. దానికి ఒక ఇల్లు ఉండాలి. వెనక్కీ ముందుకీ జరిగే పై భాగమైన స్లైడు కింద, పిస్టల్ ఒంటి లాంటి ఫ్రేము మీద ఒక చోటు ఎంచుకోండి, ప్రతిసారీ అక్కడికే చేర్చండి. కాలు తడబడినా, ఉలిక్కిపడినా పిడికిలి దానంతట అదే బిగుసుకుంటుంది. ఫ్రేముకు ఆనించి ఉన్న వేలు ఆ బిగింపులో కూడా ఫ్రేమునే నొక్కుతుంది. ట్రిగ్గర్ మీద ఉన్న వేలు ఏం చేస్తుందో నేను చెప్పనవసరం లేదు.

రెండోది తుపాకి మూతి. ఎదురుగా తూటాలను ఆపే మట్టికట్ట ఉంటుంది. సాధారణంగా ఎడమకు 90 డిగ్రీలు, కుడికి 90 డిగ్రీలు మీ హద్దు. మూతి ఆ గీత దాటితే పోటీ అయిపోయినట్టే. ఇది నాకే జరిగింది కాబట్టి వివరంగా చెబుతాను. నాది కుడిచేతి వాటం. కుడిచేతి వాళ్లు మ్యాగజైను మార్చేటప్పుడు మ్యాగజైను దూరే సందు, అంటే మ్యాగజైను బావి, ఎడమ చేతికి అందాలని పిస్టల్‌ను కాస్త తిప్పుతారు, మూతి సహజంగా ఎడమకు వాలుతుంది. కుడి వైపు పరిగెడుతుంటే చిక్కు లేదు, ఆ వాలు మట్టికట్ట వైపే ఉంటుంది. ఎడమ వైపు పరిగెడితే ఒళ్లంతా ఎడమకు తిరిగి ఉంటుంది. అక్కడి నుంచి మూతి ఇంకా ఎడమకు వాలిందంటే అది చూసేది వెనకనున్న జనాన్ని. ఆ రోజు నా కళ్లు మ్యాగజైను బావి మీద ఉన్నాయి, కాళ్లు తర్వాతి కిటికీ వైపు ఉరుకుతున్నాయి. మూతి సంగతి ఎవరూ చూడటం లేదు, రేంజి ఆఫీసరు తప్ప. "స్టాప్" అన్న కేక వినగానే ఎందుకో అర్థమైంది. వెనక్కి తిరిగి చూస్తే స్కోరు రాసే మనిషి నిలబడి ఉన్నారు. ఒక్క తూటా కూడా పేలలేదు. అయినా ఆ మనిషి ముఖం నాకు ఇవాళ్టికీ గుర్తుంది.

అప్పటి నుంచి ఎడమకు పరిగెత్తవలసి వస్తే కాలు కదపకముందే మ్యాగజైను మారుస్తాను. కుదరకపోతే భుజాలను మట్టికట్ట వైపే ఉంచి, కాళ్లను మాత్రమే ఎడమకు పంపి, మూతిని టార్గెట్ల వైపు పట్టుకుని మారుస్తాను. దీనివల్ల పోయేది సెకనులో చిన్న ముక్క. ఈ నిర్ణయం పరిగెడుతూ తీసుకునేది కాదు. స్టేజి మొదలుకాకముందు నడిచి చూసుకోవడానికి కొన్ని నిమిషాలు ఇస్తారు కదా, ఎక్కడ ఎన్ని తూటాలు కాల్చాలో లెక్కపెట్టుకునేటప్పుడే మ్యాగజైను ఎక్కడ మార్చాలో కూడా తేల్చుకోండి.

మూడోది కింద పడటం. స్టేజి మీద పిస్టల్ చేయి జారితే అనర్హత. అది ఎలాగూ పోయింది, దాన్ని గాలిలో పట్టుకోబోయి ఇంకా పెద్ద ప్రమాదం తెచ్చుకోకండి. పడుతున్న పిస్టల్‌ను అందుకోబోయే చేతికి మొదట దొరికేది చాలాసార్లు ట్రిగ్గరే. పడనివ్వండి. స్టేజి బయట ఖాళీ పిస్టల్ జారిపడితే అనర్హత లేదు, కానీ మీరే వంగి దాన్ని తీసుకుంటే ఉంది. దూరంగా నిలబడి రేంజి ఆఫీసరును పిలవండి. ఆయన తీసి, పరీక్షించి, మీ నడుముకు ఉన్న పిస్టల్ ఒరలో, అంటే హోల్‌స్టర్‌లో పెట్టిస్తారు.

రేంజి ఆఫీసరు చెప్పనిదే పిస్టల్‌ను బయటికి తీయకూడదు. తీయాలనిపిస్తే అందుకే కేటాయించిన సేఫ్టీ ఏరియాకు వెళ్లండి. అక్కడ తుడుచుకోవచ్చు, ఉత్తిగా ట్రిగ్గర్ నొక్కి సాధన చేసుకోవచ్చు. తూటాను మాత్రం ముట్టుకోకూడదు, ఉత్తుత్తి తూటానైనా సరే. తుపాకి ఉన్న చోట తూటా చేతికి రాదు, తూటాలు నింపుకునే చోట తుపాకి చేతికి రాదు. ఇంత సులువైన కంచె ఇంకో క్రీడలో నేను చూడలేదు.

కళ్లద్దాలు, చెవి రక్షణ కాల్చేవారికే అనుకోకండి, చూసేవారికీ కావాలి. లోహపు పలకకు తగిలిన గుండు తునకలై ఎటు చిందుతుందో చెప్పలేం. 7 మీటర్ల కన్నా దగ్గరి నుంచి లోహపు టార్గెట్‌ను కాలిస్తే అనర్హత ఉన్నది అందుకే. పరుగులో కళ్లద్దాలు పొరపాటున జారిపోతే ఆగిపోండి, మీకు మళ్లీ కాల్చే అవకాశం ఇస్తారు.

సామగ్రి గురించి కొందరికి చాలా ఆత్రం. నా మాట వినండి, డబ్బు పెట్టేటప్పుడు పిస్టల్ కన్నా ముందు బెల్టు, హోల్‌స్టర్ చూడండి. మెత్తని బెల్టు మీద హోల్‌స్టర్ ఊగుతుంది. తీసిన ప్రతిసారీ పిడి వేరే చోట దొరుకుతుంది. హోల్‌స్టర్ ట్రిగ్గర్‌ను పూర్తిగా కప్పాలి, గంతులు వేసినా పిస్టల్‌ను వదలకూడదు. కొన్నాక ఖాళీ పిస్టల్ పెట్టుకుని మోకాళ్ల మీద కూర్చుని లేవండి, పక్కకు ఒంగండి, పరిగెత్తండి. అది కదిలితే మరలు బిగించండి. ఎన్ని మరలు బిగించినా కదులుతుంటే దాన్ని పక్కన పెట్టేయండి.

ఏ విభాగంలో దిగాలంటే, కొత్తవారికి మామూలు ఫ్యాక్టరీ పిస్టళ్ల విభాగమైన ప్రొడక్షన్ చాలు. ఇందులో అందరూ మైనరే, మొదలుపెట్టేటప్పుడు మ్యాగజైనులో 15 తూటాలకు మించకూడదు. ఓపెన్ విభాగంలో ఎలక్ట్రానిక్ సైట్లు, కుదుపు తగ్గించే కాంపెన్సేటర్లు అన్నీ ఉంటాయి. దాని సంగతి తర్వాత చూసుకోవచ్చు. తూటా శక్తి లెక్క మాత్రం ఇప్పుడే నేర్చుకోండి. గుండు బరువును గ్రెయిన్లలో, వేగాన్ని సెకనుకు అడుగుల్లో తీసుకుని గుణించి, వెయ్యితో భాగించాలి. 124 గ్రెయిన్ల గుండు 1,050 అడుగుల వేగంతో వెళితే 130.2 వస్తుంది. మైనర్‌కు కనీసం 125 కావాలి కాబట్టి సరిపోయింది. పోటీలో వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ పెట్టి కొలుస్తారు. 125 కన్నా తగ్గితే కాల్చుకోనిస్తారు, స్కోరు మాత్రం లెక్కలోకి రాదు. అందుకని అంచు మీద ఉన్న తూటాతో పోటీకి రాకండి.

తూటాల దగ్గరే ఇంకొకటి. ఎప్పుడైనా "ఠాం" అనవలసిన చోట "తుస్సు" మని వినిపించి, చేతికి కుదుపు తెలియకపోతే వెంటనే ఆగండి. మందు చాలక గుండు గొట్టంలోనే ఇరుక్కుని ఉండవచ్చు. దాని వెనక ఇంకో తూటా పేల్చితే గొట్టం ఉబ్బవచ్చు, పగలవచ్చు, చేతికి గాయం కావచ్చు. అదే శబ్దం విని రేంజి ఆఫీసరు మిమ్మల్ని ఆపితే వాదించకండి. గొట్టం ఖాళీగా ఉందని తేలితే మళ్లీ కాల్చనిస్తారు. గుండు ఇరుక్కుని ఉంటే మళ్లీ అవకాశం రాదు. కానీ వేళ్లు అయిదూ ఉంటాయి.

చివరగా, నేను అన్నిటికన్నా జాగ్రత్తగా చూసే క్షణం. చివరి టార్గెట్ అయిపోయింది. టైమరులో ఎంత వచ్చిందో చూడాలని మనసు లాగుతుంటుంది, వెనక నుంచి చప్పట్లు వినిపిస్తుంటాయి. అప్పుడే రేంజి ఆఫీసరు ఖాళీ చేసి చూపించమంటారు. ఆ ఖాళీ చేయడంలో వరుస ముఖ్యం. ముందు మ్యాగజైను బయటికి రావాలి, ఆ తర్వాతే స్లైడు లాగాలి. తడబడి స్లైడు ముందు లాగితే లోపలి తూటా బయటపడుతుంది, మ్యాగజైనులోని మరో తూటా ఆ చోటుకు ఎక్కి కూర్చుంటుంది. అప్పుడు మ్యాగజైను తీస్తే చేతికి పిస్టల్ తేలిగ్గా తగులుతుంది, ఖాళీ అనిపిస్తుంది. నియమం ప్రకారం దాన్ని మట్టికట్ట వైపు పెట్టి ట్రిగ్గర్ నొక్కుతారు. పేలుతుంది. పోటీ పోతుంది. మూతి మట్టికట్ట వైపే ఉంది కనుక ప్రాణాలు మాత్రం పోవు. అందుకే స్లైడును వెనక్కి పట్టి ఉంచి, తూటా కూర్చునే ఛాంబరులోకి మీరు చూడండి, రేంజి ఆఫీసరును చూడనివ్వండి. ఆయన చూశానన్నాకే స్లైడు వదలండి. పిస్టల్ హోల్‌స్టర్‌లోకి వెళ్లి, రేంజి ఖాళీ అని ఆయన ప్రకటించేదాకా తల వెనక్కి తిప్పకండి. టైమరులో అంకె ఎక్కడికీ పోదు.

ఇప్పుడు అందరూ మ్యాగజైనులు, తూటాలు సంచుల్లోనే వదిలేసి నా వెంట సేఫ్టీ ఏరియాకు రండి. ఖాళీ పిస్టల్‌తో ఒక అరగంట చేద్దాం. మొదట వేలికి ఇల్లు చూపిద్దాం, తర్వాత ఎడమకు నాలుగు అడుగులు వేద్దాం. నేను ఒక్కొక్కరి పక్కన నిలబడి మూతిని మాత్రమే చూస్తుంటాను.