పలక పట్టకముందే మొదలయ్యే చదువు

శ్రోతలకు నమస్కారం.

సాయంత్రం అంగన్‌వాడీ నుంచి ఇల్లు చేరిన పిల్లవాడిని మన వరంగల్, హనుమకొండ పల్లెల్లో పెద్దవాళ్ళు ముందుగా అడిగే మాట “ఇయ్యాల ఏం రాసినవ్ బిడ్డా?” అన్నదే. “ఆడుకున్నం” అని చెప్పి వాడు వాకిట్లోకి పరుగెత్తుతాడు. అక్కడ ఆడిపిస్తున్నారే తప్ప చదువు చెప్పడం లేదని ఇంట్లో ఎవరో ఒకరు నొచ్చుకుంటారు. మళ్ళీ జూన్ వచ్చేసరికి, మూడేళ్ళు నిండీ నిండని ఆ పసివాడు మెడకు టై కట్టుకొని, పట్నంలోని నర్సరీకి పోయే బస్సు ఎక్కుతాడు. ఆ తల్లిదండ్రులు పిల్లల మేలు కోరే ఈ పని చేస్తున్నారు, అందులో సందేహం లేదు. కానీ “ఆడుకున్నం” అని పిల్లవాడు చెప్పిన పూటలో వాడి చేతులు, కళ్ళు, నోరు ఏమేమి నేర్చుకున్నాయో తెలుసుకున్నాక ఆ నిర్ణయం తీసుకోవాలని నా మనవి. ఈ ప్రసంగం అందుకోసమే.

ఉదయం తొమ్మిది దాటాక పిల్లలు ఒక్కొక్కరుగా వస్తారు. చెప్పులు వరుసగా విడిచి, చేతులు కడుక్కొని, గుండ్రంగా కూర్చున్నాక టీచర్ వాళ్ళతో మాటలు మొదలుపెడుతుంది. పొద్దున ఏం తిన్నారు, దారిలో ఏం చూశారు, ఇవాళ ఎవరు రాలేదు అన్నవి ఆమె ప్రశ్నలు. “మా బర్రె ఈనింది” అని ఒక పాప చెబితే, దూడ ఏ రంగని ఒకరు, నిలబడిందా అని ఒకరు, దానికి పేరు పెట్టారా అని మరొకరు అడుగుతారు. ఆ పాప అన్నింటికీ జవాబు వెతుక్కుంటూ, జరిగింది జరిగిన వరుసలో చెప్పడానికి ప్రయత్నిస్తుంది. రేపు ఒకటో తరగతిలో పాఠం చదివి అర్థం చేసుకోవడానికి కావలసిన మాటల సంపద, చెప్పింది చెప్పినట్టు వినే ఓపిక ఇక్కడే పోగవుతాయి. ఎదుటివాళ్ళు మాట్లాడుతున్నంతసేపు ఆగడం కూడా నాలుగేళ్ళ పిల్లకు చిన్న పని కాదు. “ఈనింది అనకూడదు, గేదె దూడను కన్నది అనాలి” అని ఆ సమయంలో దిద్దబోతే ఆ పాప మళ్ళీ నోరు విప్పడానికి చాలా రోజులు పడుతుంది. మంచి టీచర్లు దిద్దరు, వింటారు.

తర్వాత చేతిపని. పర్వతగిరి వైపు ఒక కేంద్రంలో నేను చూసిన దృశ్యం చెబుతాను. చాప మీద చింతగింజలు, సీతాఫలం గింజలు, కానుగ గింజలు కలగలిపి పోశారు. ఎదురుగా మూడు చిన్న గిన్నెలు ఉన్నాయి. నాలుగేళ్ళ బాబు ఒకడు బొటనవేలు, చూపుడువేలు కలిపి ఒక్కో గింజను పట్టుకొని, ఒక క్షణం దానివైపు చూసి, ఏ గిన్నెలో వేయాలో తేల్చుకొని వేస్తున్నాడు. సీతాఫలం గింజలు చిన్నవి, నున్నగా ఉంటాయి కనుక రెండుమూడుసార్లు జారిపోయాయి. వాడు విసుక్కోలేదు, నాలుక కొద్దిగా బయటపెట్టి మళ్ళీ పట్టుకున్నాడు. రేపు పెన్సిల్ పట్టవలసినవి ఆ వేళ్ళే. ఈ వయసులో మణికట్టులోని చిన్న ఎముకలు ఇంకా పూర్తిగా గట్టిపడి ఉండవు, వేళ్ళ కండరాలు పట్టు నేర్చుకుంటూ ఉంటాయి. అటువంటి చేతితో పేజీల కొద్దీ అక్షరాలు రాయిస్తే పిల్లవాడికి నొప్పి, రాత మీద విముఖత మిగులుతాయి. గింజలు ఏరడం, మట్టి పిసకడం, కాగితం చింపి అతికించడం, చెంబుతో గ్లాసులోకి నీళ్ళు ఒలకకుండా పోయడం వంటివి ఆ చేతిని రాతకు సిద్ధం చేస్తాయి. ఇంట్లో ఈ ఆట ఆడించాలనుకునే వారికి ఒక జాగ్రత్త చెప్పాలి. మూడేళ్ళలోపు పిల్లలకు గింజలు ఇవ్వకండి, ముక్కులోనో గొంతులోనో ఇరుక్కుంటాయి. ఎర్రగా అందంగా ఉండే గురివింద గింజలు, ఆముదం గింజలు విషపూరితమైనవి. వాటిని ఏ వయసు పిల్లల చేతికీ ఇవ్వరాదు.

లెక్కల విషయమూ ఇంతే. ఒకటి నుంచి వంద వరకు గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పే పిల్లవాడిని చూసి మనం మురిసిపోతాం. అదే పిల్లవాడిని “ఐదుగురికి ఐదు ప్లేట్లు తీసుకురా” అంటే కొన్నిసార్లు తడబడతాడు. ఒక్కో అంకె ఒక్కో వస్తువును లెక్కిస్తుందన్న ఎరుక కలిగినప్పుడే లెక్క వచ్చినట్టు. మధ్యాహ్న భోజనానికి ముందు ఆయమ్మ పిల్లల చేతనే ప్లేట్లు పంచిపెట్టించే కేంద్రాల్లో ఆ ఎరుక ప్రత్యేకంగా పాఠం చెప్పకుండానే కలుగుతోంది.

ఇక బతుకమ్మ నెల వచ్చిందంటే మన ప్రాంతపు కేంద్రాలకు అంతకుమించిన బోధన సామగ్రి అక్కరలేదు. తంగేడు, గునుగు, బంతి, గుమ్మడి పూలు తెచ్చి కుప్ప పోస్తే పిల్లలు రంగును బట్టి ఒకసారి, పరిమాణాన్ని బట్టి ఒకసారి వేరు చేస్తారు. ఒక వరుస తంగేడు, ఒక వరుస గునుగు, మళ్ళీ తంగేడు అని పేరుస్తున్నప్పుడు తర్వాత ఏ పువ్వు రావాలో వాళ్ళే ముందుగా చెబుతారు. కింద పెద్ద వలయం, పైకి పోయేకొద్దీ చిన్న వలయం అన్నది కంటితో, చేతితో ఒకేసారి తెలుస్తుంది. తెల్లని గునుగుకు పసుపు నీళ్ళతోనో, బీట్‌రూట్ రసంతోనో రంగు అద్దితే రంగుల పాఠం కూడా అక్కడే అయిపోతుంది. గణితశాస్త్రం క్రమం, వర్గీకరణ, ఆకృతి అని పిలిచే విషయాలను మన ఆడబిడ్డలు తరతరాలుగా తాంబాలంలో పేరుస్తూనే ఉన్నారు. ఖరీదైన ప్లాస్టిక్ బొమ్మల పెట్టె రాలేదని చింతించే టీచర్లకు నేను ఈ మాటే చెబుతుంటాను. నిర్మల్‌లో పొనికి కర్రతో పండ్లు, పక్షులు, జంతువుల బొమ్మలు చేసే కళాకారులు ఉన్న నేల మనది. ఆ బొమ్మలు మన కేంద్రాలకు చేరాలన్నది నా కోరిక.

భాష గురించి ఒక్క మాట చెప్పక తప్పదు. మహబూబాబాద్, నర్సంపేట వైపు తండాల పిల్లలు ఇంట్లో లంబాడీ మాట్లాడతారు. ములుగు, ఏటూరునాగారం అడవి పల్లెల్లో కొందరు కోయ మాట్లాడతారు. ఆ పిల్లలు కేంద్రానికి వచ్చిన మొదటి వారాల్లో మౌనంగా ఉంటే, మందబుద్ధి అని ముద్ర వేయడం ఘోరమైన అన్యాయం. వాళ్ళకు మాటలు బాగానే వచ్చు, అవి మనకు రావు. ఇంటి భాషలోనే చిన్న పిల్లల చదువు సాగాలని 2020 జాతీయ విద్యా విధానం కూడా చెప్పింది. ఆ తండా నుంచే, ఆ గూడెం నుంచే టీచర్, ఆయమ్మ ఉన్నచోట ఈ సమస్య సగం తీరుతుంది. లేనిచోట వారానికి ఒకరోజు ఒక అవ్వను పిలిపించి ఆమె భాషలో కథ చెప్పించవచ్చు.

ఈ ఆలోచనలేవీ కొత్తవి కావు. గుజరాత్‌లో విద్యావేత్త గిజుభాయి బధేకా 1920లో భావ్‌నగర్‌లో బాలమందిరం నెలకొల్పారు. ఆయనతో కలిసి పనిచేసిన తారాబాయి మోడక్ ఆ తర్వాత మహారాష్ట్రలోని బోర్డీ, కోస్బాడ్ ప్రాంతాల్లో పేదల, ఆదివాసీల ఇళ్ళ ముంగిళ్ళకే బడిని తీసుకుపోయి, చుట్టూ దొరికే వస్తువులతోనే పిల్లలకు నేర్పించారు. అంగన్‌వాడీ అన్న ఊహ అక్కడ పుట్టింది. ప్రభుత్వం సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకాన్ని 1975 అక్టోబరు 2న దేశంలో 33 ప్రాజెక్టులతో ప్రారంభించింది. 2025లో దానికి యాభై ఏళ్ళు నిండాయి. పూర్వ ప్రాథమిక విద్య ఆ పథకంలో మొదటినుంచీ ఉన్న సేవ. అయినా గుడ్డు, పాలు, బాలామృతం ఇచ్చే చోటుగానే అంగన్‌వాడీ జనం మనసులో నిలిచిపోయింది.

ఆ ఆహారం విలువను తక్కువ చేయడం లేదు. ఏడు నెలల నుంచి మూడేళ్ళ వరకు పిల్లలకు నెలకు రెండున్నర కిలోల బాలామృతం ప్యాకెట్ ఇంటికి ఇస్తారు. వేయించిన గోధుమలు, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె కలిసిన ఆ పిండిని ఇంటిల్లిపాదీ కలుపుకొని తింటే ఆ పసిబిడ్డకు దక్కేది దాదాపు ఏమీ ఉండదు. దయచేసి ఆ ప్యాకెట్‌ను వేరుగా ఉంచండి. అలాగే నెలనెలా బరువు, ఎత్తు చూసే రోజున బిడ్డను తప్పక తీసుకురండి. ఒకసారి చూసిన బరువు కన్నా, రెండు మూడు నెలలుగా ఆ గీత పైకి పోతోందా, నిలిచిపోయిందా అన్నదే ముఖ్యం. నిలిచిపోతే బిడ్డ చూడటానికి హుషారుగా ఉన్నా టీచర్‌ను, ఏఎన్ఎంను అడగవలసిందే.

ఇప్పుడు కేంద్రాల్లో వస్తున్న మార్పుల కబురు. పోషణతో పాటు చదువుకూ సమాన ప్రాధాన్యం ఇవ్వాలని కేంద్ర ప్రభుత్వం 2023 మేలో ‘పోషణ్ భీ పఢాయీ భీ’ కార్యక్రమాన్ని ప్రారంభించింది. 2024లో మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలకు ‘ఆధారశిల’, మూడేళ్ళలోపు వారికి ‘నవచేతన’ అన్న పాఠ్య ప్రణాళికలు వచ్చాయి. ఆధారశిలలో మొత్తం 48 వారాల ప్రణాళిక ఉంది. అందులో మొదటి నాలుగు వారాలు పిల్లలు ఇల్లు వదిలి కేంద్రానికి అలవాటు పడటానికే కేటాయించారు. కొత్తగా చేరిన బిడ్డ ఏడిస్తే కంగారుపడి మాన్పించే తల్లులు ఈ సంగతి గమనించాలి. మన రాష్ట్రంలో ‘అమ్మ మాట – అంగన్‌వాడీ బాట’ పేరిట ఇంటింటికీ తిరిగి పిల్లలను చేర్పిస్తున్నారు.

ఈ మార్పులు నిలవాలంటే టీచర్‌కు పిల్లలతో గడిపే సమయం మిగలాలి. రిజిస్టర్లు నింపడం, ఫోనులో వివరాలు ఎక్కించడం, సర్వేలకు వెళ్ళడం ఇవన్నీ అయ్యాక ఉదయపు మంచి రెండు గంటలు హరించుకుపోతుంటే ఏ ప్రణాళికా అమలు కాదు. ముంగిలి లేని ఇరుకు అద్దె గదిలో ఇరవై మంది పిల్లలు ఆడుకోవడం ఎలా సాధ్యమో కూడా గ్రామసభల్లో అడగవలసిన ప్రశ్నే. ఊళ్ళో బొడ్రాయి పండుగకు చందాలు పోగుచేసే మనం, పిల్లలకు ఒక ఇసుక గుంట, ఒక ఊయల, నీడనిచ్చే ఒక వేపచెట్టు ఏర్పాటు చేయలేమంటే నేను నమ్మను.

నెలకొకసారి కేంద్రంలో ఈసీసీఈ దినం, అంటే పసిపిల్లల సంరక్షణ, విద్య దినం జరుపుతారు. ఆ నెలంతా పిల్లలు గీసిన బొమ్మలు, చేసిన పనులు తల్లిదండ్రులకు చూపించే రోజు అది. సాధారణంగా తల్లులు, నానమ్మలే వస్తారు. పత్తి ఏరే కాలమైతే వాళ్ళూ రాలేరు. ఈసారి తండ్రులు రావాలని కోరుతున్నాను. వచ్చేటప్పుడు ఇంట్లో పడి ఉన్న అట్టపెట్టెలు, సీసా మూతలు, రంగురంగుల గుడ్డపేలికలు శుభ్రం చేసి తెచ్చి టీచర్‌కు ఇవ్వండి. పిల్లలతో కలిసి చాప మీద ఒక గంట కూర్చోండి. వచ్చే జూన్‌లో ఒకటో తరగతికి పోయే బిడ్డ ఉంటే, ఏ ఏ పనుల్లో సిద్ధంగా ఉన్నాడో, ఎక్కడ సాయం కావాలో టీచర్‌ను ఆరోజే విడిగా అడిగి తెలుసుకోండి.

నమస్కారం.