పుట్టినచోటే ఉండిపోయిన న్యూరాన్లు

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దలు మన్నించాలి, సమయం తక్కువ, నేరుగా విషయంలోకి వెళ్తాను.

ముందు మీరందరూ బుగ్గలు పూరించి వదలండి. వెనక వరస కూడా! ఆ కండరాలను నడిపేది ఏడో కపాల నాడి. దాని న్యూరాన్లు పిండదశలో ఒకచోట పుట్టి, వెనక్కి జరిగి మరోచోట స్థిరపడతాయి. న్యూరాన్ల నుంచి కండరాలకు వెళ్లే తీగలు మాత్రం పుట్టినచోటు నుంచే బయటికి వస్తాయి. మన మెదడు కాండంలో ఆ నాడి ఆరో నాడి కేంద్రాన్ని చుట్టి మలుపు తిరగడానికి కారణం ఆ ప్రయాణమే.

ఈ ప్రయాణాన్ని మనిషిలో చూడలేం, జీబ్రాఫిష్‌లో చూడగలం. 1822లో హామిల్టన్ అనే ప్రకృతి శాస్త్రవేత్త గంగానది చేపల గురించి రాసిన పుస్తకంలో వర్ణించిన మన దేశపు చేపే ఇది. పిండం గాజులా ఉంటుంది. ఈ న్యూరాన్లు ఆకుపచ్చగా మెరిసే రకం చేపలున్నాయి. వెనుక మెదడు వరస గదుల్లా ఉంటుంది. నాలుగో గదిలో పుట్టిన ఈ కణాలు, గుడ్డు ఫలదీకరణ చెందిన సుమారు 18 గంటలకు బయల్దేరి, 48 గంటలకల్లా ఆరు, ఏడు గదులకు చేరతాయి. 28.5 డిగ్రీల నీటిలో లెక్క ఇది. నీరు చల్లబడితే అన్నీ ఆలస్యమవుతాయి. ఆలస్యాన్ని లోపం అనుకుని మోసపోతాం.

ఆఫ్‌లిమిట్స్ అనే మ్యుటెంట్‌లో, అంటే జన్యులోపమున్న చేపల్లో, ఫ్రిజిల్డ్3ఎ జన్యువు పనిచేయదు. కణాలు నాలుగో గదిలోనే ఉండిపోతాయి. చచ్చిపోవు. తీగలు దవడ కండరాలకు సరిగ్గానే చేరతాయి. మరి నష్టమేమిటి? 2021లో మిస్సోరీ విశ్వవిద్యాలయం బృందం ప్రచురించిన ఫలితాల్లో, ఈ లార్వాలు, అంటే గుడ్డు నుంచి వచ్చిన చేపపిల్లలు, నోరు తెరిచే సార్లు తగ్గాయి. తెరిచినప్పుడు మాత్రం మామూలుగానే తెరిచాయి. తిండి తగ్గింది. మృదులాస్థి, కండరం, నాడీ-కండర సంధి మామూలుగానే ఉన్నాయి. కణం పనిచేస్తున్నప్పుడు వెలుగు పెరిగేలా చూపించే కాల్షియం చిత్రణలో న్యూరాన్లే తక్కువగా పనిచేస్తూ కనిపించాయి. ఒక కండరానికి వెళ్లే తీగల కట్ట తరచూ విడివడి ఉంది.

“కదలిక తగ్గింది” అని ఒక్క మాటలో తేల్చేయడం నాకు నచ్చదు. ఎన్నిసార్లు అన్నది వేరు, ఎంత అన్నది వేరు. ఎంత తెరుచుకుంటుందో తగ్గితే ముందు కండరాన్ని, ఎముకను అనుమానించాలి. ఎన్నిసార్లో తగ్గితే పైనుంచి వచ్చే ఆజ్ఞను అనుమానించాలి. దయచేసి ఇది రాసుకోండి.

ఇంకో పొరపాటు, ఇది ఇంకా పెద్దది. ట్రైలోబైట్ మ్యుటెంట్‌లోనూ ఈ కణాలు కదలవు. కానీ అందులో శరీరమే పొట్టిగా, వంకరగా తయారవుతుంది. అలాంటి లార్వా తినకపోతే న్యూరాన్ స్థానం వల్లేనని ఎలా అంటాం? ఆఫ్‌లిమిట్స్ ఎంచుకోవడానికి కారణమే శరీరం తిన్నగా పెరగడం. అయినా ఆఫ్‌లిమిట్స్‌లోనూ సంబంధమే కనిపించింది, కారణం రుజువు కాలేదు. కోడిపిల్లలో ఈ కణాలు అంత దూరం జరగవు, అయినా గింజలు ఏరుకుంటుంది! చోటు ఒక్కటే కాదు, ఆ చోట ఎవరు సందేశం అందిస్తారన్నదే అసలు ప్రశ్న అని నా అభిప్రాయం.

నోరు తెరిచే సార్లు లెక్కించే పద్ధతి చెబుతాను. తల్లిదండ్రులిద్దరికీ ఆ జన్యువు లోపపు ప్రతి ఒక్కోటి ఉంటే పిల్లల్లో పావు వంతు మ్యుటెంట్లు. 48 గంటలకు మెరుపు చూసి వేరుచేసి, సంకేత సంఖ్య వేసి, ఒకే సాంద్రతలో పెంచండి. లెక్కించేవారికి ఏది ఏదో తెలియకూడదు. ఏడో రోజు గాలితిత్తి నిండినవాటినే తీసుకోండి, అది నిండని లార్వా తిండి పట్టలేదు. మత్తిచ్చిన లార్వాను కదలకుండా పట్టి ఉంచే జెల్లీ అగరోజ్, అది సుమారు ఒక శాతం, చెయ్యి భరించేంత వెచ్చగా చల్లారాకే పొయ్యండి, వేడిగా పోస్తే చస్తుంది. గట్టిపడ్డాక దవడ ముందున్న అగరోజ్‌ను బ్లేడుతో తీసేయండి. మత్తు దిగేదాకా ఆగండి. ఇక్కడే తొందరపడతారు, మత్తు దిగని లార్వా నోరు తెరవదు, మనం మ్యుటెంట్ అని రాసేస్తాం.

ఆ పక్క బల్ల మీది మైక్రోస్కోప్ కింద రెండు లార్వాలున్నాయి, ఎడమది, కుడిది. అయిదుగురు చొప్పున రండి, బల్ల కదపకండి. ఒక్కోదాన్ని నిమిషం చూసి, నోరు ఎన్నిసార్లు తెరిచిందో ఆ చీటీ మీద రాయండి. పక్కవాళ్ల చీటీ చూడకండి.