రష్యన్ నేర్చుకొనే తెలుగువారికి: తెర మీది పాఠం, తెర వెనుక మర్యాద

సభకు నమస్కారం.

ఇవాళ రష్యన్ నేర్చుకుంటున్న తెలుగువారిలో వైద్యవిద్య కోసం రష్యా వెళ్లబోయే విద్యార్థులు ఉన్నారు, ఉద్యోగరీత్యా అవసరం పడినవారు ఉన్నారు, కేవలం ఇష్టంతో మొదలుపెట్టినవారూ ఉన్నారు. వీరిలో చాలామంది తొలి పాఠం ఫోను తెర మీదే, ఇంగ్లీషు వివరణతోనే వింటున్నారు. నా అభిప్రాయంలో ఇది చుట్టుదారి. వ్యాకరణంలోనూ మర్యాదలోనూ తెలుగు నుంచి రష్యన్‌కు నేరుగా చేరే దారి ఒకటి ఉంది, ఆ దారిని వాడుకోకపోవడం వల్ల మనం అనవసరంగా కష్టపడుతున్నాం.

మొదట ఉచ్చారణ సంగతి చూద్దాం. రష్యన్ అక్షరమాలలో 33 అక్షరాలున్నాయి: పది అచ్చులు, ఇరవై ఒక్క హల్లులు, తమకంటూ ధ్వని లేని రెండు గుర్తులు. అందులోని త, ద ధ్వనులు మన త, దల్లాగే నాలుక పళ్లను తాకగా పుట్టేవి. ఇంగ్లీషు లిపిలో రాసుకొని చదివే విద్యార్థి సోదరుణ్ణి ‘బ్రాట్’ అంటాడు. తెలుగులో రాసుకున్నవాడు ‘బ్రాత్’ అని సరిగ్గా పలుకుతాడు. అయితే తెలుగు లిపి కూడా అన్నింటికీ సరిపోదు. మృదువైన హల్లుకూ కఠినమైన హల్లుకూ ఉన్న భేదం, ఊనిక లేని చోట ‘ఒ’కారం ‘అ’కారంగా మారడం వంటివి చెవితో పట్టుకోవలసినవే. రికార్డు చేసిన పాఠాన్ని పదేపదే వెనక్కి తిప్పి వినగలగడం ఇక్కడ నిజంగా మేలు చేస్తుంది.

వాక్యనిర్మాణంలో పోలిక మరింత దగ్గరిది. ‘ఆయన డాక్టరు’ అనే వాక్యంలో మనకు క్రియ అక్కరలేదు. వర్తమానంలో రష్యన్‌కూ అక్కరలేదు, ‘ఓన్ వ్రాచ్’ అంటే చాలు. ‘నాకు చలిగా ఉంది’ అని మనం ‘కు’ ప్రత్యయంతో చెప్పేదాన్ని వాళ్లూ ‘కు’ అర్థాన్నిచ్చే విభక్తిలోనే ‘మ్న్యే ఖోలద్న’ అని చెబుతారు. రష్యన్‌లో ఆరు విభక్తులున్నాయని వినగానే బెదిరిపోయే మన విద్యార్థి, బడిలో డుమువులతో మొదలుపెట్టి వల్లించిన విభక్తులను ఒకసారి గుర్తు చేసుకుంటే బెదురు సగం తీరుతుంది. ఇక నామవాచకాల మూడు లింగాలకూ, పని జరుగుతూ ఉండటాన్నీ పూర్తి కావడాన్నీ వేరుచేసే క్రియల జంటలకూ తెలుగులో దగ్గరి దారి లేదు. అక్కడ సాధన తప్ప మరో ఉపాయం లేదు.

మర్యాద విషయానికి వస్తే, రష్యన్‌లో అది వ్యాకరణంలోనే ఇమిడి ఉంది. ‘నువ్వు’కు ‘తీ’, ‘మీరు’కు ‘వీ’ ఉన్నాయి. ‘చెప్పు’ను ‘చెప్పండి’గా మార్చే మన ‘అండి’ చేసే పనిని అక్కడ క్రియ చివరి ‘త్యే’ చేస్తుంది: ‘స్కజీ’ అంటే చెప్పు, ‘స్కజీత్యే’ అంటే చెప్పండి. ఇంగ్లీషులో ఆలోచించి మాట్లాడేవాడు ఈ తేడాను ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలి. తెలుగువాడికి అది పుట్టుకతో వచ్చినదే. అయినా, రష్యన్ అధ్యాపకురాలితో మాట్లాడేటప్పుడు మన పిల్లలు ఆ మన్ననను మరిచి, ఇంగ్లీషు అలవాటు కొద్దీ ఒట్టి పేరుతో పిలవడం తరచుగా కనిపిస్తుంది. పెద్దలనూ గురువులనూ అక్కడ సొంతపేరుకు తండ్రి పేరు నుంచి వచ్చిన రూపాన్ని చేర్చి పిలుస్తారు. ఇవాన్ కొడుకు ప్యోత్ర్ అయితే ప్యోత్ర్ ఇవానవిచ్, కూతురు అన్నా అయితే అన్నా ఇవానవ్న. దరఖాస్తుల్లో మాత్రం మన ఇంటిపేరులాగే వాళ్ల వంశనామం ముందు వస్తుంది.

పోలిక ఉన్నచోటే పొరబడే ప్రమాదమూ ఉంది. తండ్రిని ‘మీరు’ అనే ఇళ్లలో పెరిగినవారు, రష్యన్ పిల్లలు తల్లిదండ్రులిద్దరినీ ‘తీ’ అని పిలవడం విని అమర్యాద అనుకోకూడదు. ముక్కూమొహం తెలియనివారిని కూడా అన్నా, అక్కా, పెద్దమ్మా అని వరుస కలిపి పిలిచే మన ఆప్యాయత అక్కడి పెద్దల మధ్య చెల్లదు. ఇది వైద్య విద్యార్థులకు మరీ ముఖ్యం. తరగతిలో పాఠం ఇంగ్లీషులో సాగినా, ఆసుపత్రి వార్డులో రోగి తన బాధను రష్యన్‌లోనే చెప్పుకుంటాడు. అక్కడ వృద్ధురాలిని ‘బాబూష్కా’ (అమ్మమ్మా) అని పిలవడం ప్రేమగా కాక చిన్నచూపుగా వినిపించవచ్చు. ఆమె పేరూ తండ్రి పేరూ అడిగి తెలుసుకొని అలాగే పిలవాలి. ‘వీ’ నుంచి ‘తీ’కి మారుదామన్న మాట కూడా వయసులోనో హోదాలోనో పెద్దవారి నోటి నుంచి రావడమే పద్ధతి.

తెర మీద ఎదురయ్యే చిక్కులు కొన్ని ఉన్నాయి. మనం ‘సరే, వింటున్నాను’ అని తల అటూ ఇటూ ఊపుతాం. రష్యన్ ఉపాధ్యాయురాలికి అది ‘కాదు’ అన్నట్లు కనిపిస్తుంది, ఆమె పాపం చెప్పిందే మళ్లీ చెబుతుంది. పరిచయం లేనివారిని చూసి నవ్వడం రష్యన్లకు మర్యాదలో భాగం కాదు కనుక, తొలి పాఠాల్లో ఆమె ముఖం గంభీరంగా ఉంటే కోపమనుకోనక్కరలేదు. ఒకే రోజు ఒకే మనిషికి రెండుసార్లు ‘జ్ద్రాస్త్వుయ్‌త్యే’ అని నమస్కారం చెబితే, మొదటిసారి చూసిన సంగతి మరిచిపోయారా అని ఆశ్చర్యపోతారు. మనం ఎన్నిసార్లు ఎదురైనా దండం పెట్టేవాళ్లమాయె!

ఇంటికి వెళ్లినప్పుడు పాటించే పద్ధతులను మాత్రం పాఠం పూర్తిగా నేర్పలేదు. గడపకు అటూ ఇటూ నిలబడి కరచాలనం చేయకూడదు. గడప మీద నిలబడి ఇచ్చిపుచ్చుకోవద్దని పెద్దలు చెప్పగా విన్నవారికి ఇది తేలికగానే ఎక్కుతుంది. చెప్పులు బయట విడవడం మనకు అలవాటే కానీ, అక్కడ ఇంటివారు ఇచ్చే మెత్తటి ఇంటి చెప్పులు, ‘తాపచ్కి’, తొడుక్కోవాలి. పూలు తీసుకెళితే బేసి సంఖ్యలోనే ఉండాలి, సరి సంఖ్య పూలు చనిపోయినవారికి. పుట్టినరోజు శుభాకాంక్షలను ఆ రోజుకు ముందే చెప్పడాన్ని అపశకునంగా భావిస్తారు. ఇలాంటివి మనుషులతో పరిచయం పెరిగినకొద్దీ తెలుస్తాయి, అందుకే పాఠంతోపాటు సాంస్కృతిక వినిమయం ఉండాలంటాను.

నేర్చుకోవడానికి వసతులకు కొదవలేదు. హైదరాబాదులోని ఇఫ్లూలో (ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయంలో) రష్యన్ విభాగం ఉంది, చెన్నైలో రష్యన్ భవనం అనే సాంస్కృతిక కేంద్రం ఉంది. మాస్కోలో 1966లో ఏర్పడిన పూష్కిన్ రష్యన్ భాషా సంస్థ అంతర్జాలంలోనూ పాఠాలు అందిస్తోంది. విదేశీయుల కోసం ఉన్న రష్యన్ పరీక్షలో ఆరు స్థాయులున్నాయి. ప్రాథమిక స్థాయికి సుమారు 780 మాటలు, రష్యన్ మాధ్యమంలో విశ్వవిద్యాలయ ప్రవేశానికి సాధారణంగా అడిగే మొదటి ధ్రువపత్ర స్థాయికి సుమారు 2,300 మాటలు రావాలి.

మన వైపు నుంచి ఇవ్వగలిగినదీ ఉంది. ఒకప్పుడు మాస్కోలోని ప్రగతి, రాదుగ ప్రచురణాలయాలు తెలుగు పుస్తకాలు అచ్చువేసి మన ఊళ్లకు పంపాయి. ఇప్పుడు కూచిపూడి నేర్చుకొనే రష్యన్లు ఉన్నారు. తాము ఆడే పదానికి, అంటే నాట్యంలోని పాటకు, అర్థం తెలుసుకోవాలనే ఆసక్తి వారిలో ఉంటుంది. అటువంటివారితో వారానికి ఒక గంట కుదుర్చుకొని, అరగంట రష్యన్, అరగంట తెలుగు అని పంచుకుంటే ఇద్దరిలో ఎవరూ ఎవరికీ రుణపడరు. మాస్కో సమయం మనకంటే రెండున్నర గంటలు వెనుక కాబట్టి, మన రాత్రి ఎనిమిదింటికి అక్కడ సాయంత్రం అయిదున్నర. రష్యా తూర్పు కొసన ఉన్న వ్లదివస్తోక్‌లో అదే వేళకు అర్ధరాత్రి దాటి ఉంటుంది. కాబట్టి గంట కుదుర్చుకొనే ముందు అవతలివారిది ఏ నగరమో తప్పక అడగండి.