టస్కనీలో పాత రైతు ఇంట్లో వారం రోజులు ఉన్నాం, మరి మీరు తీసుకోవచ్చా?

హాయ్ అందరికీ, వీడియో కాస్త లేటయింది, కానీ ఈ ఇంటి గురించి చెప్పకుండా ఉండలేను. ఇటలీలో టస్కనీలో వాల్ డోర్చా అని ఒక లోయ ఉంది, 2004లో యునెస్కో వరల్డ్ హెరిటేజ్ లిస్ట్‌లోకి ఎక్కింది, అక్కడే ఓ పాత రాతి ఫామ్‌హౌస్‌ని వారానికి అద్దెకి తీసుకున్నాం, నేనూ మావారూ అమ్మా.

ముందు మా బెడ్‌రూమ్ చూడండి. గోడకి ఇనప రింగు కనిపిస్తోందా? బట్టలు తగిలించుకోడానికేమో అనుకున్నా. ఓనరు పెద్దావిడ వచ్చి, అది ఎద్దుల్ని కట్టేసే రింగమ్మా అని చెప్పారు. అంటే మేం పడుకుంది ఒకప్పటి పశువుల కొట్టంలో! ఆ రోజుల్లో కింద పశువులు, పైన మనుషులు, చలికాలంలో కింది వేడి పైకి వచ్చేది. రింగు కింద రాయి తడిమి చూశా, తాడు రాసుకుని రాసుకుని నున్నగా అరిగిపోయింది. మనసు అదోలా అయిపోయింది, ఎందుకంటే అంత కష్టపడ్డవాళ్ళకి ఆ ఇల్లు సొంతం కూడా కాదు. మెజ్జాద్రియా అనేవాళ్ళు, పాలుకి చేసుకునే సాగు, పండినదాంట్లో సగం భూమి ఉన్న ఆసామికే. కొత్తగా అలాంటి ఒప్పందాలు రాసుకోకూడదని 1964లో చట్టం చేశారు, అప్పటికే జనం టౌన్లకి వెళ్ళిపోతున్నారు, ఇళ్ళు ఖాళీ పడ్డాయి, ఇప్పుడు అక్కడ అద్దెకి దొరికే పాత ఇళ్ళలో చాలా వాటి కథ ఇదే.

సరే, ఇబ్బందులకి వద్దాం. పశువులు కింద కాబట్టి వంటిల్లు పైన, దానికి బయటి నుంచి నిటారుగా రాతి మెట్లు. లిస్టింగ్ ఫోటోల్లో ఆ మెట్లు ఒక్కచోట కూడా పెట్టలేదు, అది మాత్రం తప్పే. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, మూడు పూటలా కంచం కిందకే మోశాం. పెద్దవాళ్ళు వస్తుంటే మెట్ల ఫోటో అడిగి తెప్పించుకున్నాకే డబ్బులు కట్టండి.

కరెంట్ కూడా చూస్కోండి, అక్కడ మామూలు ఇళ్ళకి ఎక్కువగా 3 కిలోవాట్ల కనెక్షనే ఉంటుంది, ఓవెన్, వాషింగ్ మెషిన్ ఒకేసారి వేశానో లేదో మొత్తం చీకటి. ఏసీ లేదు, కానీ గోడలు మూరెడు పైనే మందం, పొద్దున్నే చెక్క తలుపులేసేసి రాత్రి తీస్తే లోపల చల్లగానే ఉంది, మొదటిరోజు మధ్యాహ్నం గాలికని అన్నీ తెరిచిపెట్టి ఉడికిపోయాం లెండి. దారి తెల్ల కంకర రోడ్డు, కారు లేకుండా కుదరదు.

మళ్ళీ వెళ్తావా అంటే కచ్చితంగా వెళ్తా, ఈసారి వంటిల్లు కిందే ఉన్న ఇల్లు వెతుకుతున్నా, అమ్మ కూడా వస్తానంది.